బెజవాడ నుంచి పిండారీ హిమానీనదం దాకా: సన్నాహం, నడక, తిరుగు ప్రయాణం

తాళ్లు, మంచుగొడ్డళ్లు అవసరం లేకుండా ఒక హిమానీనదాన్ని దగ్గరగా చూడాలనుకునే విజయవాడ, గుంటూరు ప్రాంతాల వారికి ఉత్తరాఖండ్‌లోని పిండారీ తగిన గమ్యం. కుమావ్ ప్రాంతంలోని బాగేశ్వర్ జిల్లాలో, కర్ణప్రయాగ వద్ద అలకనందలో కలిసే పిండర్ నది పుట్టుక వైపు, లోయ వెంటే ఎగువకు సాగే ఈ కాలిబాట సుమారు 3,660 మీటర్ల ఎత్తున జీరో పాయింట్ అని పిలిచే చోట ముగుస్తుంది. హిమానీనదం అక్కడి నుంచి ఎదురుగా కనిపిస్తుంది, కానీ రోజంతా కనిపించదు. ఉదయం పది దాటేసరికి లోయలోంచి మబ్బులు ఎగబాకి శిఖరాలను కప్పేయడం అక్కడ మామూలు. అందువల్ల ప్రయాణ ప్రణాళికను ఇంటి దగ్గర మొదలుపెట్టకుండా, ఉదయం ఎనిమిది గంటలకు జీరో పాయింట్ వద్ద ఉండాలన్న లెక్కతో మొదలుపెట్టి వెనక్కి వేసుకుంటూ రావాలి.

ఆ లెక్క ఇలా నడుస్తుంది. చివరి మజిలీ అయిన ఫుర్కియా నుంచి జీరో పాయింట్ సుమారు 7 కిలోమీటర్లు, ఎక్కవలసిన ఎత్తు 400 మీటర్లు. మైదానాల నుంచి వెళ్లినవారికి దీనికి మూడు గంటలు పడుతుంది కాబట్టి, తలకు కట్టుకునే టార్చి వెలుగులో అయిదింటికల్లా బయలుదేరాలి. అంటే ముందు రాత్రి 3,260 మీటర్ల ఎత్తున ఉన్న ఫుర్కియాలో పడుకోవాలి. దాని కింది మజిలీ ద్వాలీ 2,575 మీటర్ల ఎత్తున, కఫ్నీ నది పిండర్‌లో కలిసే చోట ఉంది. రెంటికీ నడుమ దూరం 5 కిలోమీటర్లే అయినా ఎత్తు దాదాపు 700 మీటర్లు పెరుగుతుంది. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే చోటి ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దన్నది పర్వత వైద్యుల సలహా. ఈ బాటలో ఆ సలహాను అక్షరాలా పాటించడం కుదరదు గనుక, ద్వాలీలో ఒక రాత్రి తప్పనిసరిగా ఆగి, మరునాడు ఆ అయిదు కిలోమీటర్లు మాత్రమే నడిచి, మధ్యాహ్నమంతా ఫుర్కియాలో విశ్రాంతిగా గడపడం మంచిది. దారిలో చివరి ఊరైన ఖాతీ నుంచి ఒక్క రోజులోనే ఫుర్కియా చేరవచ్చని చెప్పేవారు ఉంటారు. కాళ్లకు అది సాధ్యమే కావచ్చు, తలనొప్పి మాత్రం రాత్రికి మొదలవుతుంది.

ఖాతీకి చేరడానికి రెండు దారులున్నాయి. లోహార్‌ఖేత్ నుంచి ధాకుడీ మీదుగా వెళ్లే పాత దారి ఓక్, రోడోడెండ్రాన్ అడవుల గుండా సాగుతుంది. ధాకుడీ నుంచి 6,803 మీటర్ల మైక్‌తోలీ శిఖరం కనిపిస్తుంది కూడా. అయితే ఆ దారిలో మొదటి రోజే వెయ్యి మీటర్లకు పైగా ఎక్కాలి. బాగేశ్వర్ నుంచి జీపులో ఖర్కియా దాకా వెళితే ఖాతీకి నడక సుమారు 5 కిలోమీటర్లే. మొదటిసారి హిమాలయాలకు వెళ్లేవారికి ఖర్కియా దారినే సూచిస్తాను.

కాలం విషయంలో మనవాళ్లకు ఒక చిక్కుంది. వేసవి సెలవులు, అక్కడి మొదటి అనువైన కాలం కలిసివస్తాయి, కానీ మే నెల మధ్య నుంచి జూన్ మధ్య వరకే ఆ వెసులుబాటు. ఆ తర్వాత వానలు, కొండచరియలు, జలగలు. 2013 జూన్ వరదల్లో ఈ బాట మీది వంతెనలు కొట్టుకుపోయాయన్న సంగతి గుర్తుంచుకోవాలి. సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు చివరి దాకా ఆకాశం మరింత తేటగా ఉంటుంది, కాబట్టి దసరా సెలవులకు వెళ్లగలిగితే అదే ఉత్తమం. రైలు రిజర్వేషన్లు 60 రోజుల ముందు తెరుచుకుంటాయి. విజయవాడ నుంచి ఢిల్లీకి నేరుగా చాలా రైళ్లున్నాయి, అక్కడి నుంచి కాఠ్‌గోదామ్‌కు రాత్రి బయలుదేరే రాణీఖేత్ ఎక్స్‌ప్రెస్ అనుకూలం. కాఠ్‌గోదామ్ నుంచి అల్మోడా మీదుగా బాగేశ్వర్ చేరడానికి ఘాట్ రోడ్డుపై దాదాపు పగలంతా పడుతుంది. నగదు బాగేశ్వర్‌లోనే తీసుకోవాలి, గుర్తింపు కార్డు నకళ్లు కూడా అక్కడే సిద్ధం చేసుకోవాలి. అటవీ శాఖ అనుమతి, బాట ప్రస్తుత పరిస్థితి, విశ్రాంతి గృహాల్లో చోటు గురించి స్థానిక గైడ్‌తో ముందే మాట్లాడి పెట్టుకుంటే అక్కడ వెతుకులాట ఉండదు.

శరీరాన్ని సిద్ధం చేయడానికి జిమ్ కన్నా మెట్లు మేలు. మంగళగిరి పానకాల స్వామి మెట్లు, ఇంద్రకీలాద్రి మెట్లు, గుంటూరు వారికి కొండవీటి కోట దారి చేతికందే దూరంలోనే ఉన్నాయి. రెండు నెలల ముందు నుంచి వారానికి నాలుగు రోజులు, తెల్లవారుజామున, వీపు సంచిలో అయిదారు కిలోల బరువు వేసుకుని ఎక్కి దిగాలి. ఎక్కడం కన్నా దిగడం మీదే శ్రద్ధ పెట్టాలి, ఎందుకంటే మోకాళ్లు మొరాయించేది దిగేటప్పుడే. ఇంతా చేసినా సముద్ర మట్టానికి పాతిక మీటర్లైనా ఎత్తులేని బెజవాడలో చేసే సాధన పలుచని గాలికి అలవాటు చేయలేదు. ఆ పని నెమ్మదిగా ఎక్కడం ఒక్కటే చేయగలదు. బూట్లు మాత్రం ఈ మెట్ల మీదే అరగాలి. కొత్త బూట్లతో బాట మీదికి వెళితే మడమలు బొబ్బలెక్కుతాయి. వేళ్లకు ముందు అర అంగుళం ఖాళీ ఉండే బూటు కొనుక్కుని, ప్రయాణానికి ముందు గోళ్లు కత్తిరించుకోవాలి.

బట్టల్లో నూలును ఇంట్లోనే వదిలేయాలి. చెమటకు తడిసిన నూలు చొక్కా ఆరదు, ఆగి కూర్చున్న అయిదు నిమిషాల్లో ఒంటిని చల్లబరుస్తుంది. త్వరగా ఆరే సింథటిక్ చొక్కా, దానిపై ఫ్లీస్ అనే మెత్తని వెచ్చని పైచొక్కా, ఆపైన గాలినీ వాననూ ఆపే జాకెట్ ఉంటే చాలు. మన ఊళ్లలో దొరికే మందపాటి ఒక్క స్వెట్టర్ ఈ మూడింటి పని చేయలేదు. సంచికి పైన వేసే రెయిన్ కవర్ కన్నా సంచి లోపల పరిచే పెద్ద ప్లాస్టిక్ కవర్ నమ్మకమైనది. తిండికి అక్కడ అన్నం, పప్పు, బంగాళాదుంప కూర, రొట్టెలు దొరుకుతాయి. నాలుగో రోజుకు నాలుక కారం అడుగుతుంది కాబట్టి కందిపొడి, కారప్పొడి పట్టుకెళ్లవచ్చు, కానీ నూనె ఊరే పచ్చళ్ల సీసాలు వద్దు. నడకలో నమలడానికి పల్లీపట్టీకి మించినది లేదు.

నడిచేటప్పుడు మాట్లాడగలిగే వేగమే సరైన వేగం. ఆయాసంతో మాట తెగుతోందంటే అడుగు చిన్నది చేయాలి. సరుకు మోసే కంచరగాడిదలు ఎదురైతే కొండ వైపు గోడకు ఆనుకుని నిలబడాలి, లోయ అంచున ఎన్నడూ నిలబడకూడదు. వాటి వీపుకు ఇరుపక్కలా కట్టిన మూటలు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. మలుపులో మూట మనిషికి తగిలినా జంతువు ఆగదు. వాగులను ఉదయమే దాటాలి, ఎండెక్కి మంచు కరిగే కొద్దీ వాటి మట్టం పెరుగుతుంది.

తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం ఎత్తు జబ్బుకు తొలి గుర్తులు. ఇవి కనిపిస్తే ఇంకా పైకి ఎక్కకుండా అక్కడే ఆగాలి, తగ్గకపోతే కిందికి దిగాలి. ఒక పాదం మడమను మరో పాదం వేళ్లకు ఆనించుతూ సరళరేఖలో పది అడుగులు వేయలేక తూలిపోతున్నవారిని, అర్ధరాత్రైనా సరే, వెంటనే కిందికి దించాలి. ఎత్తు జబ్బు రాకుండా వాడే ఎసిటజోలమైడ్ మాత్రను బయలుదేరే ముందే వైద్యుణ్ణి అడిగి తీసుకోవాలి. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి ముందే చెప్పాలి. గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారికి ఈ సంప్రదింపు ఇంకా అవసరం.

జీరో పాయింట్ చేరాక కనిపించేది క్యాలెండర్ బొమ్మల్లోని తెల్లని మంచు మైదానం కాదు. రాళ్లూ మట్టీ కప్పిన బూడిదరంగు మంచు కింది భాగాన ఉంటుంది, దానిపైన పగుళ్లతో విరిగిపడుతున్నట్లుండే తెల్లని మంచు గోడ 6,322 మీటర్ల చంగూచ్, 6,861 మీటర్ల నందాకోట్ వంటి శిఖరాల నడుమ నుంచి దిగుతుంది. ఆ గోడ పైభాగాన ఉన్నదే 1830లో దాన్ని దాటిన కుమావ్ కమిషనర్ ట్రెయిల్ పేరు తెచ్చుకున్న కనుమ. హిమానీనదం ముక్కు, అంటే దాని కింది కొస, 1845, 1966 నడుమ రెండున్నర కిలోమీటర్లకు పైగా వెనక్కి జరిగిందని భూగర్భ శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. అది విడిచిపోయిన వదులు మట్టి గట్టు మీదే మనం నిలబడేది. ఆ గట్టు నేటికీ కూలుతూనే ఉంది. పచ్చిక మీద అంచుకు సమాంతరంగా సన్నని పగుళ్లు కనిపిస్తే అవి దాటి అడుగు వేయవద్దు. కింద గులకరాళ్లు దొర్లుతున్న చప్పుడు వినిపిస్తూ ఉంటుంది, ఫోటో కోసం అంచుకు వెళ్లవలసిన పనేమీ లేదు.

అక్కడ గంటకు మించి ఉండకుండా, ఫుర్కియాలో భోజనం చేసి, అదే రోజు సాయంత్రానికి ద్వాలీ దిగితే నిద్ర బాగా పడుతుంది. మరునాడు ఖాతీ, ఆపై బాగేశ్వర్. కొండచరియలు పడితే ఘాట్ రోడ్డు కొన్ని గంటల పాటు మూసుకుపోవచ్చు కనుక, కాఠ్‌గోదామ్ నుంచి ఢిల్లీకీ, ఢిల్లీ నుంచి విజయవాడకూ టికెట్లు తీసుకునేటప్పుడు రెంటికీ నడుమ ఒక పూర్తి రోజు ఖాళీ ఉంచుకోవాలి.