జీవన్మృతుల (బ్రెయిన్‌డెడ్ అయినవారి) కిడ్నీ కోసం ఎదురుచూసేవారు సిద్ధంగా ఉండవలసిన తీరు

ఇంట్లో కిడ్నీ ఇవ్వగలిగినవారు లేక, విజయవాడలోనో గుంటూరులోనో డయాలసిస్ చేయించుకుంటూ రోజులు వెళ్లదీస్తున్నవారు ముందుగా జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. అది జీవన్మృతుల అవయవాలను వరుస ప్రకారం కేటాయించే రాష్ట్ర ప్రభుత్వ వ్యవస్థ. అవయవ మార్పిడికి అనుమతి ఉన్న ఆసుపత్రి ద్వారానే అందులో పేరు చేరుతుంది. డబ్బిస్తే వరుసలో ముందుకు జరుపుతామనే మధ్యవర్తుల మాట దయచేసి నమ్మకండి. అవయవాన్ని అమ్మడమూ కొనడమూ 1994 నాటి చట్టం ప్రకారం నేరమే.

పిలుపు ఏ అర్ధరాత్రయినా రావచ్చు కాబట్టి, మీ నంబరుతో పాటు ఇంట్లో మరో ఇద్దరి నంబర్లు ఆసుపత్రిలో అవయవ మార్పిడి పనులు చూసే కో-ఆర్డినేటర్‌కు ఇచ్చి, ఊరు దాటి వెళ్లేటప్పుడు ఆ సంగతి తెలియజేయండి. రిపోర్టులు, ఆధార్, మందుల చీటీలు ఒక సంచిలో సర్ది ఉంచుకోవాలి. పుచ్చిన పన్నుకు వైద్యం, హెపటైటిస్-బి టీకా ఈ ఎదురుచూపు కాలంలోనే పూర్తికావాలి. రక్తం ఎక్కించుకుంటే, ఇతరుల కిడ్నీని తిరస్కరించే యాంటీబాడీలు పెరిగే ప్రమాదం ఉంది గనుక, తప్పనిసరైతే తప్ప ఎక్కించవద్దని వైద్యులను ముందే అడగడం మంచిది.

ఫోను రాగానే ఏమీ తినకుండా, తాగకుండా బయలుదేరండి. జ్వరం, దగ్గు ఉంటే దాచకుండా చెప్పండి. చివరి డయాలసిస్ ఎప్పుడు జరిగిందో కూడా చెప్పాలి. దాత కణాలతో మీ రక్తాన్ని సరిచూసే క్రాస్‌మ్యాచ్ పరీక్షకు కొన్ని గంటలు పడుతుంది. అది పాజిటివ్ వస్తే ఆ కిడ్నీ మీకు సరిపడదు. ఒకే కిడ్నీకి ఒకరికి మించి పిలుస్తారు కనుక, ఆశతో వెళ్లి ఉత్త చేతులతో తిరిగిరావడం ఎంత బాధాకరమైనా, ఆ అవకాశానికి ఇంటిల్లిపాదీ ముందే మనసు సిద్ధం చేసుకోవాలి.

కొత్త కిడ్నీని పొత్తికడుపులో ఒక పక్కన అమరుస్తారు. పాతవాటిని సాధారణంగా తీయరు. జీవన్మృతుల నుంచి వచ్చిన కిడ్నీ కొంతసేపు రక్తప్రసరణ లేకుండా ఉంటుంది కాబట్టి, వెంటనే మూత్రం రాకపోవచ్చు, కొద్ది రోజులు మళ్లీ డయాలసిస్ అవసరం కావచ్చు. ఆపరేషన్ విఫలమైందని బెంబేలెత్తకండి, చాలామందిలో ఆ కిడ్నీ క్రమంగా కోలుకుంటుంది.

ఇంటికి వచ్చాక, కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా ఆపే టాక్రోలిమస్ వంటి మాత్రలను డాక్టరు చెప్పిన వేళకే వేసుకోవాలి. రక్తంలో ఆ మందు ఎంత ఉందో తెలుసుకునే పరీక్ష రోజున ఉదయం మాత్ర వేసుకోకుండా వెళ్లి, రక్తం ఇచ్చాక అక్కడే వేసుకోవాలి. పంపరపనస తినకూడదు, మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు కొనకూడదు. జ్వరం వచ్చినా, మూత్రం తగ్గినా, కిడ్నీ అమర్చిన చోట నొప్పి పుట్టినా, తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి ఫోను చేయండి.