బీరు పులిసే మొదటి మూడు రోజులు జాగ్రత్త

ఇంట్లో బీరు తయారుచేసేవారు గది ఉష్ణోగ్రతను కాక, పులుస్తున్న ద్రవం ఉష్ణోగ్రతనే చూడాలి. చక్కెరను తినే ఈస్ట్ తానే వేడిని పుట్టిస్తుంది కనుక, గది 20 డిగ్రీలున్నా పాత్ర లోపల 23 దాటవచ్చు. జర్మన్ గోధుమ బీరులో ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది: ఒకే ఈస్ట్ 17 డిగ్రీల దగ్గర లవంగం ఘాటును ముందుకు తెస్తే, 22 దాటాక బాగా మగ్గిన అరటిపండులా గుబాళిస్తుంది. మామూలు ఏల్ (కాస్త వెచ్చగా పులియబెట్టే బీరు రకం) ఈస్టును మరీ వేడెక్కనిస్తే గొంతు మండించే ఆల్కహాళ్లు తయారవుతాయి, అవి నిల్వ ఉంచినంత మాత్రాన సులభంగా పోవు. రుచి చాలావరకు మొదటి మూడు రోజుల్లోనే స్థిరపడుతుంది కాబట్టి, అప్పుడు పాత్రను నీళ్ల తొట్టిలో నిలిపి, తడి తువ్వాలు చుట్టి, గడ్డకట్టించిన నీళ్ల సీసాలను ఉదయం, సాయంత్రం మార్చడం నా దృష్టిలో ఖరీదైన ఈస్ట్ కొనడంకన్నా మేలు. నురగ దిగాక రెండు డిగ్రీలు పెరగనివ్వండి. పులిసేటప్పుడు పుట్టిన వెన్న వాసన ఏదైనా మిగిలితే ఈస్టే దాన్ని తీసేస్తుంది.