గనేరియా కల్చర్‌లో తికమకలు: సమస్య - పరిష్కారం

మన తిరుపతి ల్యాబుల్లో కొత్తగా చేరిన టెక్నీషియన్ల కోసం ఇది రాస్తున్నాను. సెగవ్యాధి (గనేరియా) ఉందని మనం రాసే ఒక్క మాటతో ఒక కాపురమే చిక్కుల్లో పడొచ్చు. అందుకే ఒక్క టెస్టు చూసి పేరు ఖాయం చేయకండి.

సమస్య: స్మియర్‌లో (స్లైడ్ మీద రుద్దిన శాంపిల్‌లో) చీముకణాల లోపల గ్రామ్ నెగటివ్ (గ్రామ్ స్టెయిన్‌లో గులాబీ రంగులో కనిపించే) జంట కోకైలు, అంటే గుండ్రటి క్రిములు ఉన్నాయి. కల్చర్ (క్రిమిని పెంచే) ప్లేటు మాత్రం ఖాళీ.

చాలాసార్లు శాంపిల్‌లోని క్రిమి దారిలోనే చచ్చిపోయి ఉంటుంది. శాంపిల్ శ్రీకాళహస్తి నుంచో పాకాల నుంచో మే నెల ఎండలో బస్సులో వస్తుంది. పాడవుతుందని ఎవరో ఫ్రిజ్‌లో పెడతారు. ఈ క్రిమి చలికీ తట్టుకోదు, ఎండిపోయినా బతకదు. మామూలు దూది స్వాబ్ కూడా దానికి పడదు. డాక్రాన్ (సింథటిక్ పోగు) స్వాబ్, చార్‌కోల్ ఉన్న అమీస్ మీడియం (దారిలో క్రిమిని బతికించే మీడియం) వాడి, ఎండ తగలకుండా వీలైనంత త్వరగా తెప్పించుకోండి. 24 గంటలు దాటనివ్వొద్దు. ప్లేట్లను ఫ్రిజ్ నుంచి ముందే తీసి చల్లదనం పోనివ్వండి. 35-37 డిగ్రీల వేడి, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ కావాలి. కార్బన్ డయాక్సైడ్ ఇంక్యుబేటర్ లేకపోతే క్యాండిల్ జార్‌ను (లోపల కొవ్వొత్తి వెలిగించి మూత బిగించే జాడీని) మామూలు ఇంక్యుబేటర్‌లో పెడితే చాలు, కానీ వాసన, రంగు లేని తెల్ల కొవ్వొత్తే వెలిగించండి. 72 గంటలు చూడకుండా పారేయకండి. థాయర్-మార్టిన్‌లోని (ఇతర క్రిములను ఆపే మందులు కలిపిన మీడియంలోని) వాంకోమైసిన్‌కు ఈ క్రిమిలో కొన్ని స్ట్రెయిన్లు (రకాలు) చచ్చిపోతాయి కాబట్టి పక్కన మామూలు చాక్లెట్ అగార్ కూడా వేయాలి.

సమస్య: ఆక్సిడేజ్ టెస్టు (క్రిమిలోని ఆక్సిడేజ్ ఎంజైమ్‌ను రియేజెంట్ రంగుతో పట్టే టెస్టు) ఏ క్రిమికి చేసినా ఊదా రంగే.

నైక్రోమ్ (నికెల్-క్రోమియం తీగ) లూప్ వాడారా? అదే కారణం. ప్లాటినం లూప్ గానీ చెక్కపుల్ల గానీ తీసుకోండి. రంగు 10 సెకన్లలో రావాలి, ఆ తర్వాత వచ్చింది లెక్కలోకి రాదు. రియేజెంట్ ముందే ఊదాగా మారి ఉంటే పారబోయండి.

సమస్య: షుగర్ ట్యూబులన్నీ (క్రిమి ఏ చక్కెరను ఆమ్లంగా మారుస్తుందో చూసేవి, ఆమ్లమైతే పసుపు అవుతాయి) పసుపు.

నా మొదటి ఏడాది నాకూ ఇదే జరిగింది. గ్లూకోజ్, మాల్టోజ్, లాక్టోజ్, సుక్రోజ్ నాలుగూ పసుపే. టెన్షన్‌తో సీనియర్ మేడమ్ దగ్గరికి పరుగెత్తాను. ఆమె ఒక్కటే అడిగారు: "ట్యూబులు ఎక్కడ పెట్టావమ్మా?" క్యాండిల్ జార్‌లో పెట్టాను. కార్బన్ డయాక్సైడే మీడియాన్ని ఆమ్లంగా మార్చేసింది. షుగర్ ట్యూబులు మామూలు గాలిలోనే ఉండాలి. అలా ఉంచినా నాలుగూ పసుపైతే కల్చర్‌లో వేరే క్రిమి కలిసిందేమో చూడండి.

అసలేదీ మారకపోతే కల్చర్ పాతదో, తీసుకున్నది తక్కువో అయి ఉంటుంది. 18-24 గంటల శుద్ధ కల్చర్ నుంచి దండిగా తీసుకుని మళ్ళీ వేయండి. గ్లూకోజ్ ఒక్కటే పసుపైతే గోనోకాకస్ (సెగవ్యాధి క్రిమి), మాల్టోజ్ కూడా అయితే మెనింగోకాకస్ (మెదడు పొరల వాపు తెచ్చే క్రిమి) కావచ్చు. మళ్ళీ వేసినా ఏదీ మారకపోతే డీఎన్ఏస్ (డీఎన్ఏను కోసే ఎంజైమ్) టెస్టు చేయండి. పాజిటివ్ వస్తే అది వేరే క్రిమి, మొరాక్సెల్లా కటరాలిస్.

సమస్య: గ్లూకోజ్ పసుపే, ఆక్సిడేజ్ పాజిటివే, కెటలేజ్ (హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో బుడగలు వచ్చే టెస్టు) నెగటివ్.

కింగెల్లా అనే వేరే క్రిమి కావచ్చు. అది కూడా థాయర్-మార్టిన్ మీద పెరుగుతుంది. గ్రామ్ స్టెయిన్ మళ్ళీ చూడండి, పొట్టి కడ్డీలు కనిపిస్తాయి.

శాంపిల్ చిన్నపిల్లలదైతే వేర్వేరు సూత్రాల మీద నడిచే కనీసం రెండు పద్ధతుల్లో నిర్ధారించండి. కల్చర్‌ను గ్లిసరాల్‌లో మైనస్ 70 డిగ్రీల దగ్గర దాచండి. ఆ సౌకర్యం లేకపోతే అదే రోజు పెద్ద ల్యాబుకు పంపండి.