క్యాంపర్ వ్యాన్‌లో రెండో బ్యాటరీ తెల్లారేసరికి పడిపోతోందా? ముందు ఇవి చూడండి

నేను ఒకసారి బాగున్న రెండో బ్యాటరీనే (ఇంజిన్‌ది కాదు, ఫ్రిజ్, లైట్లు నడిపేది) పాడైందనుకుని మార్చేశాను. కొత్తది కూడా రెండు వారాలకే అలాగే చేయడంతో అప్పుడు కేబుల్ వైపు చూశాను, తప్పంతా అక్కడే ఉంది. అందుకే కొత్త బ్యాటరీ కొనే ముందు మల్టీమీటర్ (వోల్టేజీ కొలిచే మీటర్) తీయండి.

రాత్రంతా ఫ్రిజ్ నడిస్తే తెల్లారేసరికి ఖాళీ

ముందు లెక్క వేయండి. 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ నడిచేటప్పుడు సుమారు 4 ఆంపియర్లు లాగుతుంది, రోజులో మూడో వంతు నుంచి సగం సేపు నడుస్తుంది అనుకుంటే 32 నుంచి 48 ఆంపియర్ అవర్లు దానికే పోతాయి. లైట్లు, ఫ్యాను, ఫోన్లు కలిపితే 60 దాటినా ఆశ్చర్యం లేదు. లెడ్ యాసిడ్ బ్యాటరీ (ఏజీఎం కూడా ఆ జాతే) ఎక్కువ కాలం మన్నాలంటే సగం వరకే వాడాలి, అంటే 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో మీ చేతికొచ్చేది 50. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే అదే 100లో 80, 90 వాడుకోవచ్చు, బరువూ దాదాపు సగమే. లైట్లు, ఫోన్లు మాత్రమే అయితే ఏజీఎం చాలు. రోజూ ఫ్రిజ్ నడపాలంటే మాత్రం లిథియమే తీసుకోమంటాను.

ఇంజిన్ స్టార్ట్ చేసే రకం బ్యాటరీని ఈ పనికి పెట్టకండి. దాని ప్లేట్లు పల్చగా ఉంటాయి, కొన్ని సెకన్లు భారీ కరెంట్ ఇవ్వడానికి చేసినవి, పదే పదే లోతుగా ఖాళీ చేస్తే త్వరగా చచ్చిపోతుంది.

లెక్క సరిపోయినా పడిపోతోందంటే అసలు నిండుతోందా అని చూడాలి. పూర్తిగా ఛార్జ్ చేసి, అన్నీ విప్పి, కొన్ని గంటలు వదిలేసి కొలవండి. లెడ్ యాసిడ్ అయితే 12.7 వోల్టుల దగ్గర చూపాలి, 12.2 అంటే సగమే ఉన్నట్టు. లిథియంలో ఈ పద్ధతి నమ్మొద్దు, చాలా భాగం వాడేసినా వోల్టేజీ పెద్దగా కదలదు కాబట్టి షంట్ (వచ్చీపోయే కరెంట్‌ని కొలిచే భాగం) ఉన్న బ్యాటరీ మానిటర్ పెట్టుకోవాల్సిందే.

గంటల తరబడి నడిపినా నిండట్లేదు

ఎక్కువ మంది ఇరుక్కునేది ఇక్కడే. ఇంజిన్ ఆన్‌లో, ఛార్జింగ్ జరుగుతుండగా ముందున్న ఇంజిన్ బ్యాటరీ దగ్గర ఒకసారి, వెనకున్న రెండో బ్యాటరీ దగ్గర ఒకసారి కొలవండి.

ముందు 14.2, వెనక 13.3 ఉంటే కేబుల్ సన్నగా ఉన్నట్టు, లేదా ఎక్కడో కనెక్షన్ సరిగా లేనట్టు. 30 ఆంపియర్లు వెళ్తున్న 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, రానూపోనూ 10 మీటర్లు ఉంటే దాదాపు 0.9 వోల్ట్ దారిలోనే పోతుంది. 16 వేస్తే 0.33కి తగ్గుతుంది. నెగటివ్‌ని బాడీకి బిగించిన చోట పెయింట్ గానీ తుప్పు గానీ ఉన్నా ఇంతే, నా వ్యాన్‌లో జరిగింది అదే, గీకి శుభ్రం చేసి బిగించాక సరిపోయింది.

ముందు బ్యాటరీ దగ్గరే 12.5 కనిపిస్తే మీ ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంట్ తయారుచేసేది) స్మార్ట్ రకం కావచ్చు. ఆ రకం ఇంధనం ఆదా కోసం తనే వోల్టేజీ తగ్గించేస్తుంది. మామూలు వోల్టేజీ రిలే (వోల్టేజీని బట్టి రెండు బ్యాటరీలను కలిపి విడదీసే స్విచ్) 13.3 దగ్గర కలిసి 12.8 దగ్గర విడిపోతుంది కాబట్టి ఆ వ్యాన్‌లో అది సగం సమయం పనే చేయదు. డీసీ టు డీసీ ఛార్జర్ (వచ్చే వోల్టేజీని వెనక బ్యాటరీకి సరిపడేలా మార్చి ఇచ్చేది) పెట్టండి. లిథియంకైతే ఎలాగూ అదే కావాలి, నేరుగా కలిపితే అది విపరీతంగా కరెంట్ లాగి ఆల్టర్నేటర్‌ని వేడెక్కిస్తుంది.

ఛార్జర్ ఉన్నా నిండకపోతే దాని సెట్టింగ్ చూడండి. ఏజీఎంకి సాధారణంగా 14.4 నుంచి 14.7, జెల్‌కి అంతకంటే తక్కువ. మీ బ్యాటరీ మీద ఏం రాసుంటే అదే పెట్టండి. ఇంకో మాట, లెడ్ యాసిడ్ చివరి 20 శాతం నింపుకోవడానికి గంటలు తీసుకుంటుంది. రోజుకు రెండు గంటల డ్రైవింగ్‌తో అది ఎప్పటికీ పూర్తిగా నిండదు, సోలారో బయటి కరెంటో తోడవ్వాలి.

ఉదయం వ్యాన్ స్టార్ట్ కావట్లేదు

రెండు బ్యాటరీలు నేరుగా కలిసి ఉన్నాయి, లేదా రిలే అతుక్కుపోయింది. ఇంజిన్ ఆపి కాసేపాగి, వెనక ఫ్రిజ్ లాంటి లోడ్ వేయండి. ముందు బ్యాటరీ వోల్టేజీ కూడా దాంతోపాటు దిగుతుంటే రిలే మార్చాలి, అసలు రిలే లేకపోతే పెట్టాలి.

చలిలో లిథియం ఛార్జ్ తీసుకోవట్లేదు

సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేస్తే సెల్స్ దెబ్బతింటాయి, అందుకే చాలా బ్యాటరీల్లో లోపలి బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) ఛార్జింగ్ ఆపేస్తుంది. బ్యాటరీని లోపల వెచ్చగా ఉండే చోటికి మార్చండి.

ఇన్వర్టర్ వేయగానే అన్నీ ఆగిపోతున్నాయి

1000 వాట్ల కెటిల్ నడపాలంటే ఇన్వర్టర్ నష్టాలతో కలిపి 12 వోల్టుల వైపు 90 ఆంపియర్ల పైనే లాగుతుంది. బీఎంఎస్ పరిమితి 100 అయితే కెటిల్‌తో పాటు ఇంకేదైనా పెద్ద లోడ్ వేస్తే కట్ అవుతుంది. ఇన్వర్టర్‌ని బ్యాటరీకి ఆనుకుని, లావు కేబుల్‌తో పెట్టండి.

కేబుల్ చివర వేడెక్కుతోంది

వెంటనే ఆపేయండి, ఇది టెన్షన్ పడాల్సిన విషయమే. కుదుపులకు నట్ వదులైంది, లేదా లగ్ (కేబుల్ చివరి లోహపు కొక్కెం) సరిగా నొక్కి బిగించలేదు. మొదట రెండు బ్యాటరీల నెగటివ్‌లూ విప్పి, లగ్ మార్చి బిగించండి. ముందు, వెనక బ్యాటరీలను కలిపే కేబుల్‌కి రెండు చివర్లా బ్యాటరీలే ఉన్నాయి కాబట్టి రెండు చివర్లా, బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఫ్యూజ్ ఉండాలి, అది కేబుల్ తట్టుకోగలిగే కరెంట్‌ని దాటకూడదు. మొదటి ప్రయాణం అయ్యాక అన్ని నట్లూ మళ్లీ ఒకసారి బిగించి చూడండి.