థీమ్ పార్కు గేటు దగ్గర టికెట్ల బదలాయింపును, దొంగ ప్రవేశాలను అరికట్టడం ఎలా

ఒక్కరోజు, ఒకేసారి ప్రవేశానికి అమ్మిన టికెట్‌ను ఇద్దరు వాడుకోవడం దాదాపు కుదరని పని. గేటు దగ్గర స్కాన్ అయిన మరుక్షణం సర్వర్‌లో ఆ నంబరు ఎదురుగా ‘వాడేశారు’ అన్న గుర్తు పడుతుంది. ఆ తర్వాత దాని జిరాక్సు తెచ్చినా, ఫోన్‌లో స్క్రీన్‌షాట్ చూపినా గేటు తెరుచుకోదు. పార్కులకు అసలు చిక్కు తెచ్చేవారు వేరే ఉన్నారు. నాలుగు రోజుల టికెట్ కొని, రెండు రోజులు తిరిగి, మిగిలిన రెండు రోజులను మరొకరికి అమ్మేసేవారు కొందరు. ఒకే వార్షిక పాసును ఇంట్లో అందరూ వంతులవారీగా వాడుకునేవారు మరికొందరు. మధ్యాహ్నం బయటికి వచ్చి తన టికెట్‌ను స్నేహితుడి చేతిలో పెట్టేవారు ఇంకొందరు. ఒక టికెట్‌కు ఒకటికి మించి గేటు దాటే హక్కు ఉన్నచోటే బదలాయింపు పుడుతుంది. అందువల్ల ప్రవేశ వ్యవస్థను రూపొందించేవారు యంత్రాల ధరలు వాకబు చేయడానికి ముందే, తాము అమ్మే టికెట్లలో ఏవేవి రెండోసారి లోపలికి రానిస్తాయో, ఏ షరతుల మీద రానిస్తాయో వరుసగా రాసుకోవాలి.

ఆ పట్టికను చూసినప్పుడు ధరల విషయమూ బయటపడుతుంది. రోజులు పెరిగేకొద్దీ రోజువారీ ధర తగ్గేలా టికెట్లను అమ్మడం పార్కులకు అలవాటు. చివరి రోజు చాలా చవకగా వస్తుంది కాబట్టి అవసరానికి మించి ఒకటి రెండు రోజులు ఎక్కువ కొని, మిగిలిన వాటిని బయట అమ్ముకోవాలన్న ఆశ అక్కడే మొదలవుతుంది. దీనికి మొదటి మందు గడువు. మొదటి ప్రవేశం నాటి నుంచి ఇన్ని రోజుల్లోపే మిగతా రోజులను వాడుకోవాలని నిబంధన పెడితే, వాడగా మిగిలిన టికెట్లను పోగుచేసి అమ్మే వ్యాపారికి సరుకు నిలవ ఉండదు. ఒక్క రూపాయి యంత్రం కొనకుండా జరిగే పని ఇది; చాలామంది దీన్ని వదిలేసి నేరుగా వేలిముద్రల దగ్గరికి వెళ్లడం సరైన వరుస కాదని నా అభిప్రాయం.

టికెట్ మీద ఏముండాలి

టికెట్ మీది బార్‌కోడ్‌లోనో క్యూఆర్ కోడ్‌లోనో ధర, తేదీ, పెద్దలా పిల్లలా అన్న వివరం ఏదీ ఉండనక్కర్లేదు. ఊహకు అందని ఒక పొడవాటి నంబరు మాత్రం ఉండాలి. దానికి సంబంధించిన వివరాలన్నీ సర్వర్‌లో ఉండాలి. నంబర్లు వరుసక్రమంలో ఉంటే ఒక టికెట్ చూసినవాడు పక్క టికెట్ నంబరును ఊహించగలడు. నిర్ణయం సర్వర్‌ది అయినప్పుడు టికెట్ కాగితం మీద మెరిసే హోలోగ్రామ్ అచ్చు వేయించడం వల్ల ఒరిగేది తక్కువ. కంటితో చూసి లోపలికి పంపే రోజుల్లో పరిస్థితి వేరు. కాలిఫోర్నియాలో డిస్నీల్యాండ్ 1955 జూలై 17న ఆహ్వానితుల కోసం తలుపులు తెరిచినప్పుడు, నకిలీ ఆహ్వానపత్రాలు పట్టుకుని వచ్చినవారితో పార్కు కిక్కిరిసిపోయింది. ఆ రోజు వచ్చినవారు సుమారు 28,000 మంది అని చెబుతారు. అసలుదీ నకిలీదీ ఒకేలా కనిపిస్తుంటే గేటు దగ్గర నిలబడ్డ మనిషి చేయగలిగింది లేదు.

కొన్న టికెట్ ఫొటోను సంబరంగా సామాజిక మాధ్యమాల్లో పెట్టే సందర్శకులు ఎప్పుడూ ఉంటారు. ఆ ఫొటోలోని కోడ్‌ను కాపీ చేసుకున్నవాడు ముందుగా గేటు దాటితే అసలు కొన్నవారు బయట నిలబడిపోతారు. పార్కు సొంత యాప్‌లో కొద్ది సెకన్లకొకసారి మారే కోడ్‌ను చూపించడం దీనికి మంచి విరుగుడు. అది సాధ్యం కానప్పుడు కొనుగోలు రసీదులోనే ఒక హెచ్చరిక వాక్యం చేర్చాలి. అలాగే ఇంటర్నెట్ తెగిపోయిన గంటలో ఏం చేయాలో ముందే తేల్చుకోవాలి. పార్కు ఆవరణలోనే ఒక స్థానిక సర్వర్ ఉండి, గేట్లన్నీ దానితో మాట్లాడుకుంటే, బయటి లైను పోయినా ఒకే కోడ్ రెండు గేట్లలో చెల్లకుండా ఆపవచ్చు.

టికెట్‌ను మనిషికి ముడివేయడం

అసలు బరువంతా ఇక్కడే ఉంది. గుర్తింపు కార్డు చూడడం, ఫొటో, వేలు, ముఖం అని నాలుగు దారులు ఉన్నాయి. వీటిలో ఏది ఎంచుకున్నా మొదట లెక్కలోకి తీసుకోవలసింది సమయం. ఒక వరుసలో మనిషికి 6 సెకన్లు పడితే గంటకు 600 మంది లోపలికి వెళ్తారు. 12 సెకన్లు పడితే 300 మందే. ఉదయం తలుపులు తెరిచేసరికి 10,000 మంది నిలబడి ఉన్నారనుకుంటే, 20 వరుసలు ఉన్న పార్కులో మొదటి పద్ధతిలో 50 నిమిషాల్లో అందరూ లోపల ఉంటారు, రెండో పద్ధతిలో ఆఖరి మనిషి గంటా 40 నిమిషాలు ఎండలో నిలబడాలి. ప్రతి ఒక్కరి గుర్తింపు కార్డు అడిగి, పేరు సరిపోల్చే పద్ధతి చిన్న పార్కుల్లో తప్ప నిలవకపోవడానికి కారణం ఇదే.

ఫొటో పద్ధతిలో మొదటి ప్రవేశం నాడు గేటు దగ్గరే సందర్శకుడి ఫొటో తీసి టికెట్‌కు జత చేస్తారు. తర్వాతి రోజుల్లో టికెట్ స్కాన్ కాగానే సిబ్బంది చేతిలోని తెర మీద ఆ ముఖం కనిపిస్తుంది. కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్ ఈ పద్ధతిని వాడుతూ వచ్చింది. ఖర్చు తక్కువ, సందర్శకుడికి ఇబ్బంది తక్కువ. కానీ మూడో గంటకు అలసిపోయిన కళ్లు ముఖాలను పోల్చడం మానేస్తాయి. అందుకే గేటు సిబ్బందిని తరచుగా మార్చాలి; మొదటి ఫొటో తీసేటప్పుడు టోపీ, నల్ల కళ్లద్దాలు తప్పనిసరిగా తీయించాలి.

ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్ వేలి మార్గాన్ని ఎంచుకుంది. 1990లలో అక్కడ వేళ్ల ఆకారాన్ని, కొలతలను పోల్చే యంత్రాలు ఉండేవి. 2000ల మధ్యనాటికి ఒకే వేలి ముద్రను చదివే యంత్రాలు వాటి స్థానంలోకి వచ్చాయి. వేలి బొమ్మను ఒక సంఖ్యగా మార్చి, బొమ్మను చెరిపేసి, ఆ సంఖ్యను మాత్రమే టికెట్‌కు జత చేస్తామని సంస్థ చెబుతుంది. వేలు పెట్టడం ఇష్టం లేనివారు ఫొటో ఉన్న గుర్తింపు కార్డు చూపి వెళ్లే వీలూ కల్పించింది.

ఈ పద్ధతిలో అర్థం చేసుకోవలసిన కీలకం ఒకటుంది. గేటు యంత్రం ‘ఈ వేలు ఎవరిది’ అని లక్షల ముద్రల్లో వెతకడం లేదు. ‘ఈ టికెట్‌ను మొదట వాడిన వేలు ఇదేనా’ అని ఒక్క ముద్రతోనే పోలుస్తోంది. కాబట్టి దీన్ని బ్యాంకు లాకరంత కఠినంగా బిగించనక్కర్లేదు. సగం వాడిన టికెట్ కొన్న వందమందిలో ఒకరిద్దరు జారిపోయినా, మిగిలిన వారు గేటు దగ్గర ఆగిపోతారని తెలిస్తే చాలు, అలాంటి టికెట్‌కు డబ్బు పెట్టేవారు ఉండరు. మరోవైపు, నిజాయితీగా కొన్నవారిని యంత్రం నూటికి ఒకరి చొప్పున తప్పుగా ఆపితే, రోజుకు 20,000 మంది వచ్చే పార్కులో 200 మంది తమ పిల్లల ముందు దొంగల్లా నిలబడాల్సి వస్తుంది. యంత్రాన్ని సరిచేసేవారికి ఈ రెండు పొరపాట్లలో ఏది మేలో యాజమాన్యమే స్పష్టంగా చెప్పాలి. నా దృష్టిలో దొంగను వదిలే వైపే మొగ్గాలి.

వేలు సరిపోలకపోవడానికి కారణాల్లో మోసం బహుశా ఆఖరిది. ఎక్కువగా జరిగేది ఒక కుటుంబంలో టికెట్లు తారుమారు కావడం. అన్ని టికెట్లూ ఒక్కరి సంచిలోనే ఉంటాయి, గేటు దగ్గర హడావిడిగా పంచుతారు, భార్య టికెట్ భర్త చేతిలో, అన్న టికెట్ తమ్ముడి చేతిలో పడుతుంది. నీటి రైడ్లలో తడిసి ముడుతలు పడిన వేలు, ఏళ్ల తరబడి కాయకష్టంతో గీతలు అరిగిన వేలు, మొదటి రోజు ఏ చేయి పెట్టారో మరిచిపోవడం కూడా మామూలే. కాబట్టి ఎర్ర దీపం వెలిగినప్పుడు సిబ్బంది అడగవలసిన మొదటి మాట ‘ఈ టికెట్ ఎక్కడ కొన్నారు’ అన్నది కాదు; ‘మీ ఇంట్లోవాళ్ల టికెట్లు మారిపోయాయేమో ఒకసారి చూసుకోండి’ అన్నది. తర్వాత వేలు తుడిచి మళ్లీ పెట్టించాలి, ఆ తర్వాత గుర్తింపు కార్డు అడగాలి. అప్పటికీ తేలకపోతే వరుసలోంచి పక్కకు, నలుగురూ చూడని బల్ల దగ్గరికి తీసుకెళ్లాలి. అందరూ కుడి చూపుడు వేలే పెట్టాలన్న ఒక్క నియమంతో మరుపు వల్ల వచ్చే చిక్కు చాలావరకు తీరుతుంది.

ముఖ గుర్తింపు వేగంలో మిన్న. 2021 సెప్టెంబరులో తెరిచిన యూనివర్సల్ బీజింగ్ రిసార్ట్ మొదటినుంచే ముఖం చూసి లోపలికి పంపే ఏర్పాటుతో వచ్చింది; అదే ఏడాది వసంతంలో ఫ్లోరిడాలోని డిస్నీ పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ఒక నెలపాటు ఇష్టపడినవారి మీద దీన్ని పరీక్షించారు.

అనుమతి లేని వేలిముద్ర ఖరీదు

వేలు, ముఖం సేకరించే ముందు చట్టం చదవాలి. అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రంలో 2008 నుంచి శరీర గుర్తుల గోప్యతకు ప్రత్యేక చట్టం ఉంది. రాతపూర్వకంగా తెలియజేసి, రాతపూర్వక సమ్మతి తీసుకోవాలని అది చెబుతుంది. అక్కడి సిక్స్ ఫ్లాగ్స్ పార్కులో 14 ఏళ్ల బాలుడి బొటనవేలి ముద్రను సీజన్ పాసు కోసం తీసుకున్నప్పుడు తమకు అలా తెలియజేయలేదని తల్లి దావా వేశారు. నిజమైన నష్టం జరిగినట్టు చూపకపోయినా దావా వేయవచ్చని 2019 జనవరిలో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2021లో ఆ వ్యవహారం 3.6 కోట్ల డాలర్ల పరిష్కారంతో ముగిసింది. ఐరోపా సమాఖ్యలో 2018 మే నుంచి అమలవుతున్న నిబంధనలు కూడా మనిషిని గుర్తుపట్టడానికి వాడే శరీర వివరాలను ప్రత్యేక రక్షణ గల సమాచారంగా చూస్తాయి. కాబట్టి పిల్లల విషయంలో పెద్దల సంతకం, వద్దన్నవారికి మరో దారి, టికెట్ గడువు తీరగానే వివరాలను చెరిపేసే ఏర్పాటు, ఈ మూడూ సిద్ధం కాకుండా మొదటి యంత్రాన్ని కూడా బిగించకూడదు.

బయటికి వెళ్లి వచ్చేవారు

మధ్యాహ్నం బయటికి వెళ్లేవారి చేతికి అతినీల కాంతిలో మాత్రమే కనిపించే సిరాతో ముద్ర వేయడం పాత పద్ధతి. సిరా ఆరకముందే మరొక చేతికి అద్దితే ముద్ర అటు దిగుతుంది. ముద్ర బొమ్మను రోజూ మార్చినా ఈ కిటుకు ఆగదు, కాబట్టి ముద్ర ఒక్కటే చాలదు. బయటికి వెళ్లేటప్పుడు కూడా టికెట్‌ను స్కాన్ చేసి సర్వర్‌లో ‘బయట’ అని నమోదు చేయాలి. లోపలే ఉన్నట్టు నమోదైన టికెట్ మళ్లీ గేటు దగ్గరికి వస్తే ఆపాలి. తిరిగి వచ్చినప్పుడు ఉదయం జత చేసిన ఫొటోనో వేలినో మళ్లీ పోల్చాలి. పిల్లల టికెట్ స్కాన్ అయినప్పుడు వేరే రంగు దీపం, వేరే శబ్దం వచ్చేలా పెడితే, ఆ టికెట్‌తో నిలువెత్తు మనిషి లోపలికి నడుస్తుంటే సిబ్బంది తల ఎత్తి చూస్తారు.

దొంగిలించిన బ్యాంకు కార్డులతో ఆన్‌లైన్‌లో టికెట్లు కొని, తగ్గింపు ధరకు అమ్మేవారి సంగతి గేటు దగ్గర తేలేది కాదు. అసలు కార్డుదారు ఫిర్యాదు చేయగానే ఆ టికెట్లు రద్దవుతాయి. గేటు దగ్గర దొరికేది మాత్రం మోసపోయిన కుటుంబం. ఒక కార్డు మీద ఇన్ని టికెట్లేనన్న పరిమితి, పెద్ద ఆర్డర్లను కాస్త ఆలస్యంగా, పరిశీలించాక పంపడం, అధీకృత విక్రేతల పేర్లను అందరికీ కనిపించేలా ప్రకటించడం ఉపయోగపడతాయి. బదలాయింపు కుదరని, సగం వాడిన బహుళదిన టికెట్లను తిరిగి అమ్మడం ఫ్లోరిడాలో చట్టరీత్యా నేరం. అలాంటి చట్టం లేనిచోట పార్కుకు మిగిలేది టికెట్ షరతులే.

చివరగా సొంత మనుషుల సంగతి చూడాలి. చక్రాల కుర్చీలు, పిల్లల బండ్లు వెళ్లే వెడల్పు గేటు, సామాను లారీలు వచ్చే వెనుక గేటు, యంత్రం కాదన్నా సిబ్బంది నొక్కి తెరవగల మీట, ఈ మూడు చోట్లా లెక్క తప్పే అవకాశం ఎక్కువ. మీట నొక్కిన ప్రతిసారీ ఎవరు, ఎన్ని గంటలకు, ఏ కారణంతో నొక్కారో నమోదు కావాలి; గేటు దాటిన తలల లెక్కను స్కాన్ అయిన టికెట్ల లెక్కతో ప్రతి రాత్రీ సరిచూడాలి. ఏదో ఒక వరుసలో మాత్రమే మీట నొక్కిన సంఖ్య పక్క వరుసలకంటే బాగా ఎక్కువగా కనిపిస్తే, ముందు ఆ వరుసలోని స్కానర్ అద్దాన్ని తుడిచి పరీక్షించాలి, మర్నాడు యంత్రాన్ని మార్చి చూడాలి, ఆ తర్వాతే అక్కడ నిలబడే ఉద్యోగిని పిలిచి అడగాలి.