యూత్‌లో ఒక బిడ్డ వచ్చి చెప్పుకుంటే: పాస్టర్లకు, పాస్టరమ్మలకు, యూత్ లీడర్లకు

తమ మీద లైంగిక వేధింపు జరిగితే పిల్లలు దాన్ని నేరుగా చెప్పరు. ఆరాధన అయ్యాక చెప్పులు విడిచిన చోట తచ్చాడుతూ "అక్కా, నా కోసం ప్రార్థన చేస్తారా" అంటారు, లేదంటే "మా ఫ్రెండ్‌కి ఒక ప్రాబ్లమ్" అని మొదలుపెడతారు, కొందరైతే ఏమీ చెప్పకుండా ఉన్నట్టుండి క్వయర్ మానేస్తారు. మగపిల్లలు ఇంకా ఆలస్యంగా చెబుతారు, నవ్వులాటగా చెబుతారు. అప్పుడు మనకు అలవాటైన పని ఒకటుంది, వెంటనే తల మీద చెయ్యి పెట్టి గట్టిగా ప్రార్థన మొదలుపెట్టడం. అది చేయకండి. ఆ ఒంటి మీద ఎవరు ఏ పేరుతో చెయ్యి వేశారో మీకింకా తెలియదు.

నలుగురికి కనబడే, కానీ మాట వినబడని చోట కూర్చోండి. మందిరం వసారా చాలు. తక్కువ అడగండి: "ఏం జరిగింది?", "ఇంకేమైనా చెప్పాలనుందా?" అంతే. "నువ్వు అక్కడికి ఎందుకు వెళ్లావు", "అప్పుడే ఎందుకు చెప్పలేదు" అనేవి పైకి ప్రశ్నలే గానీ వినేవాళ్లకు నిందలు. వివరాలు తవ్వడం మన పని కాదు, పైగా మీరు నాలుగుసార్లు అడిగి చెప్పిస్తే రేపు కోర్టులో అవతలి లాయరు "వీళ్లే నేర్పించారు" అంటాడు. బిడ్డ ఇంటికి వెళ్లాక, వాడిన మాటలు వాడినట్టే, తేదీ టైము వేసి రాసి పెట్టుకోండి.

"ఎవరికీ చెప్పను" అని మాత్రం మాట ఇవ్వకండి. 18 ఏళ్లలోపు బిడ్డ మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ అంటుంది, దైవసేవకుడికి అందులో మినహాయింపు లేదు. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు గానీ జరిమానా గానీ, రెండూ గానీ. తన కింద పనిచేసేవాడు చేశాడని తెలిసీ దాచిన సంస్థ పెద్దకు ఏడాది వరకు పడుతుంది. మంచి మనసుతో చెప్పినవాళ్ల మీద కేసు ఉండదు. కాబట్టి బిడ్డతో ఇలా అనండి: "నువ్వు చెప్పింది నమ్ముతున్నాను. దీన్ని నేనొక్కదాన్నే దాచి పెట్టలేను. కానీ ఎవరికి, ఎప్పుడు చెబుతానో ముందు నీకే చెబుతాను." నా లెక్కలో కాపరి పనిలో సగం ఈ మూడు మాటల్లోనే ఉంది, ఎందుకంటే ఇన్నాళ్లూ ఆ బిడ్డకు ఏదీ ముందుగా చెప్పి చేసినవాళ్లు లేరు.

పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, ప్రమాదం ఇప్పుడే ఉంటే 112. స్టేషన్ అంటే ఇంట్లోవాళ్లకు టెన్షన్, అందుకే ఇది వాళ్లకు తెలియాలి: వాంగ్మూలం ఇంటి దగ్గరే తీసుకోవచ్చు, వచ్చే అధికారి యూనిఫాంలో ఉండకూడదు, వీలైనంత వరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళే రావాలి, తల్లిదండ్రులు గానీ బిడ్డ నమ్మిన మనిషి గానీ పక్కన ఉండొచ్చు. జరిగి మూడు రోజులు దాటకపోతే ముందు ఆసుపత్రికే పోండి, కొన్ని మందులు 72 గంటల్లోపు మొదలుపెడితేనే పనిచేస్తాయి. ఎఫ్ఐఆర్ లేదని పరీక్ష ఆపకూడదు. ఆడపిల్లను పరీక్షించాల్సింది లేడీ డాక్టరే.

ఇక అసలు కష్టం. చేసినవాడు బయటివాడైతే సంఘమంతా లేస్తుంది. చేసినవాడు మైకు పట్టుకునేవాడైతే? ఒక కాగితం తీసుకుని ఆ బిడ్డ కుటుంబం మీద ఎవరికి ఏ పట్టు ఉందో రాయండి. స్కూల్ ఫీజు స్పాన్సర్ చేయించింది ఎవరు, హాస్టల్ సీటు ఎవరి మాట మీద వచ్చింది, బాప్తిస్మ సర్టిఫికెట్ మీద సంతకం ఎవరిది, రేపు పెళ్లి సంబంధం గురించి అడిగితే మంచిమాట చెప్పాల్సింది ఎవరు, సమాధుల దొడ్డిలో చోటు ఇచ్చేది ఎవరు. మన పేటల్లో చాలాచోట్ల ఇవన్నీ ఒక్క ఇంటి గుప్పిట్లోనే ఉంటాయి, సంఘ పెద్దలు కూడా ఆ ఇంటి చుట్టాలే. ఆ బిడ్డను పెద్దల ముందు నిలబెట్టి "చెప్పమ్మా" అంటే ఏం చెబుతుంది? అందుకే పెద్దల విచారణ వద్దు, రాజీ వద్దు, "పెళ్లి చేసేద్దాం" అసలే వద్దు. కేసు తేలేవరకు ఆ మనిషికి ప్రసంగం, సండే స్కూల్, వీబీఎస్ (సెలవుల బైబిల్ తరగతులు) ఏదీ ఇవ్వకూడదు. మత సంస్థ నడిపేవాడు ఆ సంస్థలోనే బిడ్డ మీద చేసిన నేరాన్ని చట్టం ఇంకా తీవ్రంగా చూస్తుంది, పోక్సో 5వ సెక్షన్‌లో ఆ మాట విడిగా ఉంది.

అప్పుడు రెండు వాక్యాలు మీ మీదికి వస్తాయి, సిద్ధంగా ఉండండి. ఒకటి, "నేను అభిషేకించినవారిని ముట్టకూడదు". 105వ కీర్తన పైనుంచి చదివించండి: అది కొద్దిమందిగా, పరదేశులుగా తిరుగుతున్నవాళ్లను రాజులు హింసించకుండా దేవుడు అడ్డుపడిన మాట. దాన్ని అధికారం ఉన్నవాడికి గొడుగు పడితే తలకిందులు చేసినట్టే. రెండోది మత్తయి 18, "ముందు ఒంటరిగా వెళ్లి మాట్లాడు". అది సహోదరుల మధ్య సంగతి. ఆ మాటకు తొమ్మిది వచనాల ముందే, చిన్నవారిలో ఒకరిని అభ్యంతరపరచినవాడి మెడకు తిరుగటిరాయి అని ఉంది. అది మాత్రం ఎవరూ ఎత్తరు.

18 దాటినవాళ్లయితే కేసు పెట్టాలా వద్దా అన్నది వాళ్ల నిర్ణయం, మీరు తోయకండి. కానీ "ఇష్టపడే వెళ్లింది కదా" అనేవాళ్లకు భారతీయ న్యాయ సంహిత 68వ సెక్షన్ చూపించండి. తన అధికారంతో, తన మీద ఉన్న నమ్మకంతో ఒక స్త్రీని లొంగదీసుకోవడం కూడా నేరమే అంటుంది అది.

క్షమాపణ సంగతి మీరు ఎత్తకండి. బైబిల్లో సవతి అన్న అమ్నోను చెరిచిన తామారుకు సొంత అన్న అబ్షాలోము చెప్పింది "ఊరకుండుము" అనే, తండ్రి దావీదుకు కోపం వచ్చింది గానీ ఏమీ చేయలేదు, ఆమె అన్న ఇంట్లో ఒంటరిగా మిగిలిపోయింది. సంఘం ముందు సాక్ష్యం చెప్పించకండి. ప్రార్థన లిస్టులో, వాట్సాప్ గ్రూపులో పేరు రాకూడదు, ఊరూ వీధీ చెప్పి పేరు దాచినా అందరికీ తెలిసిపోతుంది.

తర్వాత నెలల తరబడి ఉండే పని చిన్నదే గానీ విసుగు పుట్టిస్తుంది. వాయిదాలకు తోడు వెళ్లడం, ఆటో ఖర్చు పెట్టుకోవడం. బాలల సంక్షేమ కమిటీని అడిగితే కేసు నడిచినంత కాలం బిడ్డకు తోడుండే సపోర్ట్ పర్సన్‌ను ఇస్తారు, కౌన్సెలింగ్ వాళ్ల దగ్గరే చేయించండి. ఎక్కడ కూర్చుంటుందో, గుడికి వస్తుందో రాదో ఆ బిడ్డనే తేల్చుకోనివ్వండి. మీరు కూడా రాత్రిపూట విడిగా మెసేజ్‌లు పెట్టకండి, సెల్‌ఫోన్ లాంటి కానుకలు కొనివ్వకండి. ఫీజు మాత్రం సంఘం వేరే చేతుల మీదుగా కట్టాలి, ఆ కుటుంబం ఆదివారం వచ్చినా, రాకపోయినా, వేరే సంఘానికి వెళ్లిపోయినా.