ఫోన్‌లోనే కథలు రాస్తున్నారా, ముందు ఇవి చూసుకోండి

పోయినేడు సంక్రాంతి సెలవుల్లో ఓ పెద్ద కథ ఫోన్‌లో కొట్టా. ఎక్కడ కొట్టానంటే, కథలు పెట్టే యాప్‌లోనే, ఆ డబ్బాలో నేరుగా. చివరి పేరాలో ఉండగా మా బావ ఫోన్ చేశాడు, మాట్లాడి వెనక్కొచ్చేసరికి పేజీ రీఫ్రెష్ అయిపోయి తెల్లగా ఉంది. ఆ రాత్రి అన్నం సహించలేదు. ల్యాప్‌టాప్ లేక ఫోన్ మీదే రాసే నాలాంటోళ్ళకి పనికొస్తాయని, దెబ్బలు తిని నేర్చుకున్నవి చెప్తున్నా.

పబ్లిష్ చేసే చోట ఎప్పుడూ రాయకండి, అన్నిట్లోకి ఇదే ముఖ్యం. గూగుల్ డాక్స్‌లో రాసి, అయ్యాక కాపీ చేసి అక్కడ పేస్ట్ చేయండి. ఫైల్ పక్కన మూడు చుక్కలు నొక్కితే ఆఫ్‌లైన్‌లో ఉంచే ఆప్షన్ వస్తుంది, అది ఆన్ చేస్తే బస్సులో సిగ్నల్ పోయినా రాసుకోవచ్చు, నెట్ రాగానే దానంతటదే సేవ్ అవుతుంది. ఫైల్ పొరపాటున డిలీట్ చేసినా ట్రాష్‌లో 30 రోజులుంటుంది. పేరాలే చెరిపేసుకుంటే కంప్యూటర్లో తెరిచి వెర్షన్ హిస్టరీ చూడండి, పాత కాపీ దొరుకుతుంది, నెట్ సెంటర్‌కెళ్తే లాగౌట్ మాత్రం మర్చిపోకండి. ఇంకోటి, గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే మెయిల్, ఫోటోలు, డ్రైవ్ అన్నీ, ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ కూడా అందులోనే, అంటే బంధువుల గుడ్ మార్నింగ్ ఫోటోలే మీ కథకి చోటు లేకుండా చేస్తాయన్నమాట.

టైపింగ్‌కి గూగుల్ వాళ్ళ కీబోర్డ్ యాప్ జీబోర్డ్ చాలు. మాటలు చెప్తే టైప్ చేసే మైకు స్పీడే గానీ కామాలూ చుక్కలూ మీరే పెట్టుకోవాలి, యాసలో చెప్పిన డైలాగుని పుస్తక భాషలోకి మార్చేసి పెడుతుంది, అందుకే నేను వర్ణనలు చెప్పి డైలాగులు చేత్తో కొడతా.

ఇన్ని చేసినా ఎప్పుడో ఒకటి పోతుంది. పోయిందని తెలిసిన గంటలోపే వాయిస్ రికార్డర్ ఆన్ చేసి గుర్తున్నంత కథ ఎవరికో చెప్తున్నట్టు చెప్పేయండి, వరస తప్పినా పర్లేదు. నేను మొదటిసారి రెండ్రోజులు అలిగి కూర్చున్నా, తర్వాత మొదటి పేజీ తప్ప ఏదీ గుర్తు రాలేదు. రెండోసారి వెంటనే చెప్పా, డైలాగులు దాదాపు అన్నీ వచ్చేశాయి. రానివి వర్ణనలే, వాటి కోసం నేనైతే పెద్దగా ఏడవలేదు.

పత్రికకి పంపాలనుకుంటే ఆన్‌లైన్‌లో ముందే పెట్టకండి, ఫేస్‌బుక్‌లో పెట్టినా ప్రచురించినట్టే లెక్కేసే పత్రికలున్నాయి. సొంత రచనే, ఎక్కడా రాలేదు అని హామీపత్రం అడుగుతారు, అది మెయిల్‌లోనే రాసేయండి. యూనికోడ్‌లో పంపండి, ఫోన్‌లో మనం మామూలుగా కొట్టే తెలుగు అదే. కొన్నిచోట్ల దాన్ని డీటీపీ కోసం, అంటే అచ్చుకి పేజీలు కూర్చడానికి, అను అనే పాతరకం తెలుగు ఫాంట్లలోకి మారుస్తారు, అప్పుడు ఒత్తులు చెదురుతుంటాయి, అచ్చుకి ముందు ప్రూఫ్ చూపిస్తే చదవకుండా వదలకండి. తిరస్కరించారన్న కబురు కూడా చాలాసార్లు రాదు, ఓ నోట్‌బుక్‌లో పంపిన తేదీ రాసుకుని, వాళ్ళు చెప్పిన గడువు దాటాక ఇంకోచోటికి పంపేయడమే, ఎదురుచూస్తూ కూర్చోకండి.

పోస్ట్ చేసేముందు వేరే ఫోన్‌లో ఒకసారి తెరిచి చూడండి. తెలుగు అక్షరం చూపించడం ఫోన్లకి అంత తేలికేం కాదు, 2018 ఫిబ్రవరిలో జ్ఞా అక్షరానికి సంబంధించిన ఓ రూపం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు క్రాష్ అయ్యేవి, ఆపిల్ వాళ్ళు ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సర్దుకోవాల్సొచ్చింది. మన భాషకి అంత బలముందని మా ఫ్రెండ్స్ అందరికీ ఫార్వర్డ్ చేశాలెండి.

నా మొదటి కథకి వారంలో తొమ్మిది రీడ్స్ వచ్చాయి, అందులో నాలుగు నావే. గంటకోసారి తెరిచి చూడ్డం మానేసి ఆదివారం ఒక్కసారే చూడండి, ఆ టైంలో ఇంకో కథ సగం అవుతుంది.

ఇక మీ కథ ఎవరి పేజీలోనో వాళ్ళ పేరుతో కనబడిందనుకోండి. మన దేశంలో రచన మీద హక్కు రాసినప్పటినుంచే ఉంటుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. డాక్స్‌లో తేదీలు, పంపిన మెయిల్ మీకు సాక్ష్యం. తేదీ, లింకు కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి, ఆ సైట్‌లో కాపీరైట్ రిపోర్ట్ చేయండి, ఆ తర్వాతే కామెంట్ పెట్టండి. నేను ముందు కామెంట్లో తిట్టా. పది నిమిషాల్లో నన్ను బ్లాక్ చేశాడు, చూపించడానికి నా దగ్గర ఒక్క ఫోటో కూడా లేదు.